అంతదాకా వెళ్లలేదు కదా!

శృంగారం చుట్టూ ఏ గొడవ వచ్చినా జనం మొదట ఆరా తీసేది ఒకటే: వ్యవహారం ఎంతదాకా వెళ్లింది? ఇంట్లో పెద్దవాళ్లూ అదే అడుగుతారు, మతగురువులూ అదే అడుగుతారు. పెళ్లి కుదిరిన జంటలు తమలో తాము గుసగుసగా తేల్చుకునేదీ అదే. "అంతదాకా వెళ్లలేదు" అని తెలియగానే అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకరికి అసలు ఇష్టం ఉందో లేదో మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఆ హమ్మయ్య మీద నాకు చాలా ఏళ్లుగా కోపం ఉంది. ఎందుకో రాద్దామని కూర్చున్నాను.

ముసుగులో గుద్దులాట లేకుండా చెబుతాను. అంగప్రవేశం లేకుండా, బట్టల మీదనో బట్టలు లేకుండానో, ఒకరి ఒంటికి ఒకరు రాసుకుంటూ, ఒత్తుకుంటూ పొందే సుఖం గురించి ఈ వ్యాసం. వయసొచ్చిన ఇద్దరి మధ్య జరిగేది. ఆడా మగా కావచ్చు, ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో కావచ్చు, మొగుడూ పెళ్లాలు కావచ్చు, కాకపోవచ్చు. చాలామంది జీవితంలో ఇది ఉంటుంది గానీ కుదురుగా కూర్చుని ఎవరూ దీని గురించి మాట్లాడరు. జోకులు వేసుకోవడానికి పనికొచ్చే సంగతిగానో, "అసలు పని" కుదరని వాళ్ల సర్దుబాటుగానో చూస్తారు. వ్యాసంలో దీన్ని పైపై సరసం అంటాను.

లోపలిదాకా వెళ్లిందా, పైపైనే ఆగిందా అన్న కొలతకి మనం ఇచ్చిన విలువ వల్ల రెండు వైపులా అన్యాయం జరిగిందని నా వాదన. ఇష్టపడి చేసుకున్న పైపై సరసం చిన్నచూపు పాలైంది. ఇష్టం లేకుండా ఒంటి మీద పడ్డ రాపిడేమో "పోనీలే, చిన్న విషయం" అయిపోయింది. ఈ కొలతని మతాలు బాగానే పెంచి పోషించాయి. తమాషా ఏమిటంటే, ఇష్టాయిష్టాల గురించిన మాటలు కూడా ఆ మతాల గ్రంథాల్లోనే ఉన్నాయి. ప్రవచనాల్లో మాత్రం అవి వినపడవు.

ముందు ఒంటి సంగతులు త్వరగా ముగించేస్తాను. మధ్యలో బట్టలుంటే గర్భం రాదు. బట్టలు లేకుండా, వీర్యం యోని ద్వారం దగ్గర పడితే అవకాశం చాలా తక్కువే గానీ సున్నా అనడానికి లేదు. చర్మానికి చర్మం రాసుకున్నంత మాత్రాన హెచ్ఐవీ రాదు. హెర్పిస్, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్), సిఫిలిస్ అలా కాదు, చర్మం తగిలితే చాలు అంటుకోగలవు. హెచ్‌పీవీకి టీకా ఉంది, వేయించుకోవడం మంచిది. ఇక సుఖం సంగతి. అమెరికాలో 1,055 మంది ఆడవాళ్లని అడిగి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అంగప్రవేశం ఒక్కటే ఉంటే చాలు భావప్రాప్తి కలుగుతుందని చెప్పినవాళ్లు 18.4 శాతమే. అంటే "అసలు పని" అని మనం పేరు పెట్టిన దానితో చాలామంది ఆడవాళ్లకి అసలు పని జరగట్లేదు. ఆడవాళ్ల సుఖానికి కేంద్రమైన అవయవం క్లిటోరిస్ నిర్మాణం పూర్తిగా ఎంత పెద్దదో ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ 1998లో పరిశోధన పత్రం రాసి చూపించేదాకా చాలా వైద్య పుస్తకాల్లో ఆ బొమ్మే సరిగ్గా లేదు. ఇంతకాలం ఎవరి సుఖాన్ని కొలబద్దగా పెట్టుకుని ఒకదాన్ని అసలు అనీ, ఇంకోదాన్ని కొసరు అనీ తేల్చారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కొలబద్ద కూడా నిలకడైనదేం కాదు. ఏం చేస్తే "సెక్స్ చేశాం" అని ఒప్పుకుంటారు అని ఒక అమెరికన్ యూనివర్సిటీ విద్యార్థులు 599 మందిని 1991లో అడిగారు. నోటితో చేసేది ఆ లెక్కలోకి రాదని 59 శాతం మంది చెప్పారు. ఈ లెక్కలు 1999 జనవరిలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయ్యాయి. సరిగ్గా అప్పుడే "ఆమెతో నాకు లైంగిక సంబంధం లేదు" అన్న అప్పటి అధ్యక్షుడు క్లింటన్ మాట మీద సెనేట్‌లో విచారణ నడుస్తోంది. ఆ సమయంలో ఆ వ్యాసం వేసినందుకు పత్రిక ఎడిటర్ ఉద్యోగం పోయింది! దేశాధ్యక్షుడి నుంచి కాలేజీ కుర్రాడి దాకా తమకి వీలైన చోట గీత గీసుకుని, దానికి ఇవతల ఉన్నాం కాబట్టి ఏమీ చేయనట్టే అనుకోగలరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

కిక్కిరిసిన బస్సు. ఒకావిడ పైన రాడ్డు పట్టుకుని నిలబడింది. వెనక ఒకడు. డ్రైవరు బ్రేకు వేసిన ప్రతిసారీ అందరూ ముందుకి తూలుతున్నారు, బస్సు సర్దుకోగానే ఎవరి చోటికి వాళ్లు వస్తున్నారు. అతనొక్కడే వెనక్కి రావడం లేదు. ఆమె బ్యాగుని భుజం మీద నుంచి తీసి వెనక్కి, నడుం కింద అడ్డంగా పెట్టుకుంది. కాసేపటికి అతను పక్కకి జరిగి బ్యాగు లేని వైపు నుంచి ఆనుకున్నాడు. ఆమె ఒకసారి తల తిప్పి చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ముఖంలో ఏమీ లేదు. నా భ్రమేమో అనుకుంది. రెండోసారి భ్రమ అనుకోలేకపోయింది. దిగాల్సిన స్టాపు ఇంకా రాకముందే దిగేసింది. ఇంటికెళ్లాక "అలా ఉన్నావేం, ఏమైంది?" అంటే "ఏం కాలేదు" అంది.

ఆవిడ ఎవరో చెప్పక్కర్లేదు. ఇది చదివే ఆడవాళ్లలో చాలామంది తామే అనుకుంటారు. "ఏం కాలేదు" అనడంలో ఆమె అబద్ధం ఆడిందని నేననుకోను. మనందరం నేర్పిన లెక్క ప్రకారం నిజంగానే ఏమీ కాలేదు. గుడ్డ చిరగలేదు, చర్మం తగల్లేదు, "అంతదాకా" రానే లేదు. చెబితే ఎదుటివాళ్లు కూడా ఆ లెక్కే వేస్తారని ఆమెకి తెలుసు.

చట్టాలు ఈ విషయంలో మన ఇళ్లకంటే కాస్త ముందున్నాయి. ఇంగ్లండ్‌లో 2003 నాటి లైంగిక నేరాల చట్టం తాకడం అంటే ఏమిటో చెబుతూ, ఒంట్లో ఏ భాగంతోనైనా, మధ్యలో ఏది అడ్డమున్నా సరే అది తాకడమే అని రాసింది. మన దేశంలో పిల్లల రక్షణకి పెట్టిన పోక్సో చట్టం కింద వచ్చిన ఒక కేసులో, బట్టల మీద నుంచి తాకితే, చర్మానికి చర్మం తగలకపోతే అది లైంగిక దాడి కిందికి రాదని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021 జనవరిలో తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరు 18న దాన్ని కొట్టేసింది. చూడాల్సింది లైంగిక ఉద్దేశం ఉందా లేదా అని, చర్మం తగిలిందా అన్నది అసలు ప్రశ్నే కాదని చెప్పింది. ఆ పది నెలల్లో టీవీ చర్చల్లో కూర్చున్న పెద్దమనుషులు గుడ్డ మందం గురించి మాట్లాడటం విన్నాక నాకు మనుషుల మీద నమ్మకం కాస్త తగ్గింది. అది వేరే సంగతి.

వైద్యులు కూడా ఇక్కడే గీత గీశారు. రద్దీలో పరాయివాళ్ల ఒంటికి రాసుకోవాలనే కోరిక వదలకుండా వెంటాడటాన్నీ, దాని ప్రకారం నడుచుకోవడాన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఒక రుగ్మతగా పెట్టారు. ఐసీడీ-11 పేరుతో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఆ జాబితా ఇంకో మాట కూడా స్పష్టంగా చెబుతుంది: అవతలి మనిషి సమ్మతితో జరిగే రాపిడి ఈ రుగ్మత కిందికి రాదు. చేసే పని రెండు చోట్లా ఒకటే. తేడా అంతా ఎదుటి మనిషి ఇష్టంలోనే ఉంది.

ఈ మాట వాత్స్యాయనుడికీ తెలుసనిపిస్తుంది. కామసూత్రం అంటే భంగిమల పుస్తకం అనుకునేవాళ్లు రెండో అధికరణంలో కౌగిలింతల అధ్యాయం చదవాలి. అందులో ఉద్ఘృష్టకం అని ఒకటి ఉంది. చీకట్లోనో, జనం రద్దీలోనో, ఎవరూ లేని చోటో ఇద్దరు మెల్లగా నడుస్తూ, కాసేపు ఒకరి ఒంటికి ఒకరు రాసుకోవడం. పీడితకం అని ఇంకొకటి, గోడకో స్తంభానికో ఆన్చి గట్టిగా ఒత్తుకోవడం. ఈ రెండూ చెప్పి ఆయన ఒక షరతు పెడతాడు: ఇవి ఒకరి మనసులో మాట ఒకరికి ముందే తెలిసినవాళ్ల మధ్య జరిగేవి. అదే రద్దీ, అదే రాపిడి. బస్సులో మనిషికి లేనిది ఆ షరతొక్కటే. కొత్త దంపతుల గురించి చెప్పే చోట ఇంకా తేటగా అంటాడు: ఆడవాళ్లు పువ్వుల్లాంటి వాళ్లు, మృదువుగా దగ్గరవ్వాలి, నమ్మకం కుదరకముందే బలవంతంగా మీద పడితే వాళ్లకి ఆ కలయిక మీదే ద్వేషం పుడుతుంది అని.

వాత్స్యాయనుణ్ణి నెత్తికెత్తుకోవాలని చెప్పడం లేదు. ఆయన చెప్పిన మొదటి కౌగిలింత స్పృష్టకం చూడండి. ఏదో పని ఉన్నట్టు నెపం పెట్టుకుని ఎదురొచ్చి ఆమె ఒంటికి తగలడం. బస్సులో మనిషి చేసిందీ దాదాపు ఇదే. ఒకే పేజీలో రెండూ ఉన్నాయి.

మనుస్మృతి దగ్గరకొస్తే లెక్క మారిపోతుంది. ఎనిమిదో అధ్యాయం 358వ శ్లోకం: తాకకూడని చోట పరస్త్రీని తాకినా, ఆమె తాకితే ఊరుకున్నా, ఇద్దరి ఇష్టంతోనే జరిగినా, అదంతా సంగ్రహణం, అంటే పరస్త్రీతో అక్రమ సంబంధమనే నేరం. ఇష్టం ఉందన్న సంగతి తెలిసీ, దాన్ని పక్కన పెట్టడం ఇది. కాస్త కిందికి 364వ శ్లోకానికి వస్తే ఇష్టం మళ్లీ ప్రత్యక్షమవుతుంది: ఇష్టం లేని కన్యని చెరిచినవాడికి వధ, ఇష్టపడితే వధ లేదు. కానీ ఆ మినహాయింపు ఆమెతో సమాన కులం వాడికే. ఇష్టానికి విలువ ఇవ్వాలా వద్దా అన్నది అవసరాన్ని బట్టి, కులాన్ని బట్టి తేల్చారన్నమాట.

నేను చదివినంతలో ఈ విషయం మీద అన్నిటికంటే వివరంగా ఆలోచించింది బౌద్ధ భిక్షువుల నియమావళి, వినయ పిటకం. బ్రహ్మచారుల కోసం రాసిన నియమాలు కాబట్టి అందులో అంతా నిషేధమే. అయినా ఎంత లోతుగా వెళ్లారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. భిక్షువు సంభోగం చేస్తే, నువ్వుగింజంత ప్రవేశం జరిగినా సంఘం నుంచి శాశ్వతంగా పోతాడు. కామంతో స్త్రీ ఒంటిని తాకితే, రాసుకుంటే సంఘాదిశేషం, అంటే కొన్నాళ్ల ప్రాయశ్చిత్తం చేసి మళ్లీ సంఘంలోకి రావచ్చు. భిక్షుణి విషయంలో అలా లేదు. మెడ ఎముకకి కింద, మోకాలికి పైన ఒక మగవాడు కామంతో తాకినా, రుద్దినా, ఒత్తినా, ఆమె కూడా కామంతో దాన్ని ఇష్టపడితే అదే ఆఖరు, శాశ్వత బహిష్కారం. భిక్షువుకి ప్రాయశ్చిత్తంతో పోయే తప్పు భిక్షుణికి బతుకంతా పోగొట్టేది. ఈ తేడాకి పండితులు ఎన్ని కారణాలు చెప్పినా నాకు మింగుడు పడదు.

కానీ ఆ నియమంలో "ఆమె ఇష్టపడితే" అన్న మాట ఉంది చూశారా, అది అలంకారానికి పెట్టింది కాదు. ఉప్పలవణ్ణ అనే భిక్షుణి మీద ఒకడు అత్యాచారం చేసినప్పుడు, ఆమె సమ్మతి లేదు కాబట్టి ఆమెకి ఏ దోషమూ లేదని బుద్ధుడు తేల్చాడని వినయంలో ఉంది. ఇంకో ఉదంతం నిద్రపోతున్న భిక్షువుది. అతని అంగం గట్టిపడి ఉండగా స్త్రీలు వచ్చి తమ కోరిక తీర్చుకుని వెళ్లారు. విచారణలో, అంగం గట్టిపడటానికి కారణాలు ఐదు ఉంటాయని వివరంగా చెప్పారు: కామం ఒకటి, మిగతావి మలం, మూత్రం, వాతం, పురుగు కాటు. ఒళ్లు స్పందించింది కాబట్టి మనసు ఒప్పుకున్నట్టే అన్న వాదన అక్కడ చెల్లలేదు. అతనికి దోషం లేదన్నారు.

ఇది ఎంత పెద్ద సంగతో ఒక్కసారి ఆలోచించండి. రాపిడికి ఒళ్లు దానంతట అది స్పందిస్తుంది. ఇష్టం లేని స్పర్శకి కూడా తడి రావచ్చు, గట్టిపడవచ్చు, ఒక్కోసారి భావప్రాప్తి కూడా కలగవచ్చు. అలా జరిగినవాళ్లు ఏళ్ల తరబడి "నాకూ ఇష్టమేనేమో, లేకపోతే అలా ఎందుకైంది" అని తమని తాము తినేసుకుంటారు. తప్పు చేసినవాడు కూడా ఆ మాటే పట్టుకుని దబాయిస్తాడు. దీనికి జవాబు ఒక సన్యాసుల రూల్‌బుక్కులో అంత పాతకాలంలోనే ఉంది.

ఇస్లాం ధర్మశాస్త్రం శిక్షల దగ్గర గీతని చాలా కచ్చితంగా గీసింది. జినాకి, అంటే పెళ్లి బయటి సంభోగానికి, నిర్ణయించిన శిక్ష పడాలంటే అంగప్రవేశం రుజువు కావాలి. నేను చేశానని తనంతట తానే వచ్చి చెప్పుకున్న మాయిజ్ అనే ఆయన్ని ముహమ్మద్ ప్రవక్త "ముద్దు పెట్టుకుని ఉంటావేమో, తాకి ఉంటావేమో, చూసి ఉంటావేమో" అని అడిగినట్టు బుఖారీ హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే సంకలనంలో ఉంది. మరోపక్క జినా దరిదాపులకి కూడా పోవద్దని ఖురాన్ 17వ అధ్యాయం 32వ వాక్యం చెబుతుంది కాబట్టి, పెళ్లి బయట పైపై సరసం కూడా పాపమే అని ధర్మవేత్తలు అంటారు. భార్యాభర్తల మధ్య మాత్రం దీనికి మంచి చోటే ఉంది. భార్య నెలసరిలో ఉన్నప్పుడు సంభోగం తప్ప మిగతావన్నీ చేసుకోవచ్చని ఇంకో హదీసు సంకలనం సహీహ్ ముస్లింలో స్పష్టంగా ఉంది. నెలసరి అనగానే మనిషిని ఇంట్లో ఒక మూలకి నెట్టేసే పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో నయం.

యూదు మతంలో పెద్ద పండితులిద్దరి మధ్య దీని మీదే అభిప్రాయ భేదం ఉంది. నిషిద్ధ సంబంధంలో కోరికతో చేసే కౌగిలింత, ముద్దు నేరుగా తోరా, అంటే యూదుల మూల ధర్మగ్రంథం, నిషేధించినవే అని మైమోనిడీస్ అంటే, అది తర్వాతి రబ్బీలు పెట్టిన కట్టడి మాత్రమే అని నహ్మనిడీస్ అన్నాడు. నాకు వాళ్ల తగువుకంటే, యూదు ధర్మచర్చల గ్రంథం తల్మూద్‌లో ఎరువిన్ భాగంలో ఉన్న ఒక వాక్యం ముఖ్యం: భర్త భార్యని బలవంతం చేయడం నిషిద్ధం.

కాథలిక్కుల దగ్గర మధ్యయుగపు మతతత్వవేత్త థామస్ అక్వినాస్ ఏకంగా ఇదే ప్రశ్న వేసుకున్నాడు, ముద్దులూ స్పర్శలూ ఘోరపాపమా అని. వాటంతట అవి కావు, కామసుఖం కోసం చేస్తే అవుతాయి అని జవాబు. ఇప్పటి చర్చి బోధ కూడా సుఖాన్ని సుఖం కోసమే వెతుక్కోవడాన్ని ఒప్పుకోదు. 1968లో ఆరో పాల్ పోప్ ఇచ్చిన హ్యుమానే వీటే లేఖ కుటుంబ నియంత్రణ మందుల్ని కాదన్నందుకే లోకానికి గుర్తుంది. అదే లేఖలో, జీవిత భాగస్వామి పరిస్థితినీ సహేతుకమైన కోరికల్నీ పట్టించుకోకుండా వాళ్ల మీద రుద్దిన కలయిక ప్రేమ చర్య కాదనీ, అది నీతికి విరుద్ధమనీ కూడా ఉంది. మొదటి మాట మీద యాభై ఏళ్లకి పైగా రచ్చ జరుగుతోంది. రెండో మాట ఎంతమంది విన్నారు?

ఇక్కడ ఒక భక్తుడు నన్ను అడ్డుకుంటాడని తెలుసు. "సమ్మతి ఉంటే పాపం పోతుందా? ఇద్దరూ ఒప్పుకుని దొంగతనం చేస్తే దొంగతనం కాకుండా పోతుందా?" అంటాడు. దొంగతనంలో సొమ్ము పోగొట్టుకున్న మూడోవాడు ఒకడుంటాడు, అది వేరు. కానీ అతని మాటలో సారం ఉంది, కొట్టిపారేయను. పెళ్లి బయట ఏ స్పర్శా వద్దని నమ్మేవాడి ఆలోచనలో తిరకాసు లేదు. సమ్మతితో అతని లెక్కలో పాపం పోదు, పోవాలని నేను అడగను కూడా. నేను అడిగేది ఏ ప్రశ్న ముందు, ఏది తర్వాత అన్న వరుస. ఇది పాపమా అన్నది అతనికీ అతని దేవుడికీ మధ్య ప్రశ్న. ఆమెకి ఇష్టమా అన్నది ఆమెకీ అతనికీ మధ్య ప్రశ్న, అది ముందు రావాలి. దానికి జవాబు లేకుండా మొదటిదాని దగ్గరికే వెళ్లకూడదు. పెళ్లయింది కాబట్టి పాపం లేదు, పాపం లేదు కాబట్టి అడగక్కర్లేదు అనే భర్తలు ఎంతమంది! రెండు ప్రశ్నల్ని కలిపేస్తే జరిగేది ఇదే.

గీతని మాత్రమే చూసే నీతి వల్ల ఇంకో నష్టం ఉంది. అది బతిమాలి ఒప్పించేవాడి చేతికి ఆయుధం ఇస్తుంది. "బట్టలు తీయనులే." "లోపలికి రాను, ఒట్టు." "నీ కన్నెరికానికి ఏం కాదు, భయపడకు." ఈ మాటలన్నీ ఆమె అడగని ప్రశ్నకి జవాబులు. ఆమె "నాకు వద్దు" అంటే అతను "నీకేం నష్టం లేదు" అంటున్నాడు. పాపానికి ఇవతలే ఉన్నాం అని ఇద్దరికీ తెలిసిన ఆ గీత చూపించి, ఆమెకి కాదనడానికి కారణం లేకుండా చేస్తున్నాడు. బాగా కట్టుబాటున్న ఇళ్లలో పెరిగిన అమ్మాయిలే ఈ వలలో ఎక్కువ పడతారని నా అనుమానం. "ఎంతదాకా" అన్నది ఒక్కటే వాళ్లకి నేర్పారు. దానికి ఇవతల కూడా వద్దు అనొచ్చని ఎవరూ చెప్పలేదు.

పాత భారత శిక్షాస్మృతిలోకి 2013 సవరణతో వచ్చి, 2024లో దాని చోట వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉన్న సమ్మతి నిర్వచనం అత్యాచారం సెక్షన్‌కి రాసిందే అయినా నాకు అన్ని చోట్లా పనికొస్తుందనిపిస్తుంది. మాటతోనో సైగతోనో, సందేహానికి తావు లేకుండా, ఇష్టపూర్వకంగా, ఆ ఫలానా చర్యకి ఒప్పుకోవడం. ఎదురు తిరగలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి వీల్లేదని కూడా అందులోనే ఉంది. ఫలానా చర్యకి అన్నది పైపై సరసంలో ఇంకా ముఖ్యం. బట్టల మీద ఒప్పుకున్న మనిషి బట్టలు తీయడానికి ఒప్పుకోలేదు. నిన్న ఒప్పుకున్న మనిషి ఇవాళ ఒప్పుకోలేదు. ప్రవేశానికైతే ఆగి, అడిగి, కండోమ్ వెతుక్కుని వెళ్లే వ్యవధి ఉంటుంది. రాపిడిలో ఒక దశలోంచి ఇంకో దశకి ఎప్పుడు జారామో తెలియదు. అందుకే ఇక్కడ అడగడం ఇంకా అవసరం, ఇక్కడే అందరూ తక్కువ అడుగుతారు.

అడిగితే మూడ్ పోతుందని మగవాళ్లు అంటుంటారు. నిజంగా అడిగి చూసినవాళ్లు అనే మాటలా లేదది. సోఫాలో ఇద్దరూ దగ్గరగా ఉన్నారు. ఆమె భుజం ఒక్క క్షణం బిగుసుకుంది. అతను ఆగి, చెయ్యి తీయకుండా, ఒత్తకుండా "ఏంటి?" అన్నాడు. "ఏం లేదు, కాలు తిమ్మిరెక్కింది" అని నవ్వి సర్దుకుని ఆమే మళ్లీ దగ్గరికి లాక్కుంది. ఇంకో రోజు అదే చోట "ఇవాళ వద్దు" అంది. రెంటికీ చోటుంది. అడగడం అంటే ఇంతే, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకోవడం కాదు.

పెళ్లయి చాలా ఏళ్లయిన వాళ్ల గురించి ఒక్క మాట. కాన్పయ్యాక నొప్పి, మెనోపాజ్ తర్వాత పొడిబారడం, వెజైనిస్మస్ (యోని కండరాలు వాటంతట అవే బిగుసుకుపోవడం), మందుల వల్ల మగవాడికి గట్టిపడకపోవడం, ఇవన్నీ మామూలుగా వచ్చేవే. అప్పుడు చాలా జంటలు "ఇంక మనకి అది లేదు" అని మంచాలు వేరు చేసుకుంటాయి. అంగప్రవేశం లేకపోతే శృంగారమే లేదని తీర్మానించుకోవడం వల్ల వచ్చిన చిక్కిది. మొదటి నుంచీ దీన్ని పూర్తి సరసంగా చూసినవాళ్లకి అంత కష్టం ఉండదు. అయితే అక్కడ కూడా "నొప్పి లేనిదే కదా, దీనికేం" అని రోజూ మీద పడితే అది పాత కథే.

చివరిగా, ఇష్టపడి చేసి తర్వాత పశ్చాత్తాపపడేవాళ్ల సంగతి. భక్తి ఉన్నవాళ్లలో ఇది చాలా ఎక్కువ. రాత్రి మనస్ఫూర్తిగా ఇష్టమే, తెల్లారేసరికి అపరాధ భావన. సహీహ్ ముస్లింలో ఒక కథనం ఉంది. ఒకాయన ప్రవక్త దగ్గరికి వచ్చి, మదీనా శివార్లలో ఒక స్త్రీతో సంభోగం తప్ప మిగతావి చేశాను, నాకు శిక్ష వేయండి అన్నాడు. అల్లా దాన్ని దాచాడు, నువ్వూ దాచుకుని ఉంటే పోయేది కదా అని ప్రవక్త అనుచరుడు ఉమర్ అన్నాడు. ఆయన వెళ్లిపోతుంటే ప్రవక్త వెనక్కి పిలిపించి, నమాజు చేయమనీ, మంచి పనులు చెడు పనుల్ని తుడిచేస్తాయనీ చెప్పే ఖురాన్ వాక్యం వినిపించాడు. ఇది నీ ఒక్కడికే కాదు, జనమందరికీ అన్నాడు. పశ్చాత్తాపపడే మనిషి పట్ల ఇంత దయ నాకు నచ్చుతుంది. అదే కథనంలో ఆ స్త్రీకి ఇష్టమో కాదో ఒక్క మాట కూడా లేకపోవడం నన్ను ఇబ్బంది పెడుతుంది. ఆమెని ఎవరూ పిలిపించలేదు.

పశ్చాత్తాపం ఉన్నంత మాత్రాన సమ్మతి లేదని కాదు. తర్వాత బాధపడ్డావు కాబట్టి అతను బలవంతం చేసినట్టే అని ఇంట్లోవాళ్లు తీర్మానించడం, నువ్వే రెచ్చగొట్టావని అతను ఆమె మీదికి తోసేయడం, రెండూ అబద్ధాలే. ఇష్టపడ్డవాళ్లు తమ బరువు తాము మోసుకోవాలి, కావాలంటే తమ దేవుడి ముందు దించుకోవాలి. అయితే ప్రతిసారీ మర్నాడు ఏడ్చే మనిషితో మళ్లీ అదే రాత్రికి సిద్ధపడే ముందు, రెండోవాళ్లు ఒక పగటి పూట, ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు కూర్చోబెట్టి అడగాలి: నీకు నిజంగా ఇది కావాలా, లేక నేను కావాలి కాబట్టి దీన్ని భరిస్తున్నావా అని.